చెవి ఒక్కటే మారదట

హిందూపురంలో ప్యాసింజరు కదిలేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. జూన్ నెల వచ్చినా ఎండ ఇంకా మే నెలదే, కిటికీ కమ్మీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. కిటికీ పక్కన సీటు దొరికింది గానీ ప్రమీలమ్మకు బయటికి చూడాలని లేదు. ఒళ్ళో చేతిసంచి, సంచిలో మడతపెట్టిన మందుచీటీ, చీటీ వెనకవైపు డాక్టరు పెన్నుతో గీసిన ముఖం. సగం ముఖమే గీశాడాయన, పక్కనుంచి చూస్తే కనబడేంత. కన్నూ ముక్కూ నోరూ పేరుకే ఉన్నాయి. గీతలన్నీ చెంపలోనే, చెవి ముందు నుంచి అయిదు వేళ్ళు చాపినట్టు పోయిన గీతలు, అవి నరాలట. ఎవరి ముఖమమ్మా ఇది అని ఎవరైనా అడిగితే నాదే అని చెప్పాలి. నవ్వొస్తుందేమో అనుకుంది, రాలేదు. ఇల్లు పెనుకొండలో, స్టేషనుకు కూతవేటు దూరంలోనే ఉంది, టికెట్టు మాత్రం ధర్మవరానికి. రెండో శనివారం ఆమె టికెట్టు ఎప్పుడూ ధర్మవరానికే. సొంత ఊరు వచ్చినా దిగకుండా కూర్చుని, ధర్మవరం జంక్షన్లో దిగి, కదిరి బండ్లు వచ్చే ప్లాట్‌ఫారం మీద కుళాయి పక్కన సిమెంటు బల్ల మీద పొద్దు వాలేదాకా కూర్చుని, వచ్చే జనం మొహాలు, పోయే జనం మొహాలు చూసి, తన మొహం వాళ్ళకు చూపించి, తిరుగు బండి ఎక్కి రావడం. కొడుకు తప్పిపోయిన మొదటి ఏడాది రోజూ పోయింది. తర్వాత వారానికోసారి. తొమ్మిదేళ్ళ కింద హిందూపురం నర్సింగ్ హోములో ఓపీ చీటీలు రాసే పనికి కుదిరాక నెలకోసారి. కన్నతల్లి బిడ్డను వెదకడం ఇట్లా రోజుల్లోంచి వారాల్లోకి, వారాల్లోంచి నెలల్లోకి జారిపోతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే వాళ్ళ మొహాన ఉమ్మేసి ఉండేది.

రెండు బొటనవేళ్ళూ చెవుల ముందు ఆనించి తోలును పైకి, కాస్త వెనక్కి లాగితే చాలు. బీరువా అద్దం ముందు ఎన్నిసార్లు లాగి చూసుకుందో. దవడల దగ్గర వేలాడే సంచులు మాయమవుతాయి, ముక్కు పక్కల నుంచి నోటిదాకా దిగిన కాలువలు పూడిపోతాయి, ముప్పై ఏళ్ళ ప్రమీల వచ్చి అద్దంలో నిలబడుతుంది. వేళ్ళు తీస్తే వెళ్ళిపోతుంది. ఆ వేళ్ళున్న చోట నాలుగు కుట్లు వేస్తే సరిపోదా అనేదే ఆమె ఆలోచన. పదిహేను రోజులకోసారి బెంగుళూరు నుంచి వచ్చే ప్లాస్టిక్ సర్జరీ డాక్టరు ఇక్కడ కాలిన చేతులూ చీలిన పెదాలూ చూస్తాడు, అక్కడ తన ఆసుపత్రిలో మాత్రం జారిన మొహాలు లాగి కుట్టే ఆపరేషను కూడా చేస్తాడని వెయిటింగ్ హాల్లో ఎవరో అనుకుంటుంటే విన్నది. విన్న రోజు నుంచి కాలు ఒక చోట నిలవలేదు. ఆయన లేని రోజుల్లో గది తుడిపించే వంకన బల్లమీది లావు పుస్తకం తెరిచి చూడటం మొదలుపెట్టింది. అందులో ఒక మనిషి చెంప తోలును పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పి పెట్టారు. మొదటిసారి చప్పున మూసేసింది. రెండోసారికి అలవాటు పడింది. మూడోసారి ఆ పసుపుపచ్చ నరాల మీద వేలు ఆనించి, బిడ్డ నవ్వితే లోపల కదిలినవి ఇవేనా అనుకుంది. ఈ పొద్దు ఓపీ అయిపోయాక, సార్ ఒక మాట అని అడగనే అడిగింది. ఆయన నవ్వలేదు, ఈ వయసులో ఇదేం సరదా అనలేదు. కుర్చీ చూపించాడు, పెన్ను తీశాడు.

"ముఖమంటే తోలు ఒకటే కాదమ్మా. తోలు కింద కొవ్వు. దాని కింద పలచని పొర, నవ్వడానికీ ఏడవడానికీ కండరాలన్నీ దాంతోనే ముడిపడి ఉంటాయి. నరాలు దాని అడుగున పోతాయి. అన్నిటికీ కింద ఎముక. ఇల్లి నోడు, ఇక్కడ చూడు, ఈ పొరలన్నింటినీ ఎముకకు పట్టి ఉంచే కట్లు ఉంటాయి, వయసొస్తే అవి వదులవుతాయి. నువ్వు వేళ్ళతో లాగేది పైతోలు. అదొక్కటే లాగి కుడితే కొద్దిరోజులకే మళ్ళీ జారుతుంది, చెవి పక్కన మచ్చ మాత్రం మిగులుతుంది. లాగాల్సింది లోపలి పొరను. నరానికి దెబ్బ తగలకుండా లాగాలి. తగిలితే నోరు ఒక పక్కకు పోతుంది."

బుద్ధిగా తలూపింది. నోరు పక్కకు పోయినా ఫరవాలేదా అని తనను తాను ప్రశ్నించుకుంది, ఫరవా ఉంది, నోరు వంకరపోతే వాడు అసలే గుర్తు పట్టడు. మలుగూరు స్టేషను వచ్చింది, పోయింది. పక్కన పల్లెటూరి ఆడవాళ్ళెవరో చిలమత్తూరు సంబంధం ఒకటి మాట్లాడుకుంటున్నారు, పిల్లోడు బెంగుళూరులో గార పని చేస్తాడంట, ఇరవై ఏళ్ళంట. ఇరవై అన్న మాట ఎక్కడ వినబడినా ప్రమీలమ్మ మెడ అటే తిరుగుతుంది. వాడికీ ఇప్పుడు ఇరవై. తొంభై రెండులో అయిదు. పెళ్ళయిన పదేళ్ళకు పుట్టాడు, అత్త గంగులమ్మ కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాక పుట్టాడు, అందుకే కదిరప్ప అని పేరు. అయిదో ఏట స్వామి దగ్గరే తలనీలాలు ఇస్తాం, అందాకా కత్తెర తాకనీయం అని మొక్కు. ఎంత జుట్టో వాడికి, తల్లి జుట్టే, మొలదాకా. పొద్దున్నే రెండు కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని చిక్కు తీసి, నూనె పెట్టి, రెండు జడలు వేసేది. వాడు కదలకుండా కూర్చునేవాడు కాదు, దువ్వెన లాక్కునేవాడు. వీధిలో అందరూ ఏమే పాపా అని పిలిస్తే నేను పాప గాదు, కదిరప్ప అని రాయి తీసుకునేవాడు. తిరునాళ్ళకు పోయే ముందు పెనుకొండలో స్టూడియోకు తీసుకుపోయారు, మొక్కు జుట్టు తీసే ముందు ఎవరైనా తీయించే ఫోటోనే అది. పట్టు పరికిణీ కట్టి, పూలజడ కుట్టి, జడ కూడా కనబడాలని వెనకాల నిలువుటద్దం పెట్టి కూర్చోబెట్టారు. ఒకే ఫోటోలో ముందువైపు వాడి మొహం, అద్దంలో జడ. వాడికి ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. ఆ రోజే తను కూడా విడిగా ఒకటి దిగింది, పసుపుపచ్చ చీర, పాపిట మధ్యకు తీసిన తల, రూపాయంత బొట్టు.

కదిరిలో మంగలి కొత్త బ్లేడు విరిచి పెట్టుకున్నాడు. వాడి ఏడుపు, గంగులమ్మ గోవిందలు, తడి జుట్టు ముద్దలుగా ఒళ్ళో పడటం. అక్కడే చెవులు కూడా కుట్టించారు, ఒక్క రోజులో రెండు పనులూ అయిపోతాయని. తలంతా చందనం పూసి చేతికిచ్చారు. చూస్తే వేరే బిడ్డ. తల ఇంత పెద్దది, కింద మొహం ఇంతే, కళ్ళు ఎక్కడో లోపల. "ఏమయ్యా, వీడు మన పిల్లోడేనా?" అని నవ్వుతూ అడిగింది, మొగుడు తిమ్మప్ప పగలబడి నవ్వాడు. ఆ మాట ఎందుకన్నాను, ఏ దేవుడు తథాస్తు అన్నాడు అని పదిహేనేళ్ళుగా తల బాదుకుంటూనే ఉంది. కదిరి నుంచి చిన్న గేజి బండిలో ధర్మవరం చేరారు, అక్కడ బండి మారి పెనుకొండకు రావాలి. ప్లాట్‌ఫారం నిండా తిరునాళ్ళ జనం, ఎక్కడ చూసినా చందనం పూసిన గుండ్లే, మొక్కు పిల్లలు కనీసం ముప్పై నలభై మంది. తిమ్మప్ప మూటలతో, వాళ్ళమ్మతో ముందు పోతున్నాడు. కుళాయి దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకోవడానికి ఆమె వాడి చెయ్యి వదిలింది. సీసా నిండాక మూత బిగించి, పక్కనున్న చెయ్యి అందుకుని నడిచింది. వంతెన మెట్లెక్కింది. తొందరగా రా నాయనా అంటూ లాగింది కూడా. ఆ చెయ్యి ఏమీ అనలేదు. వంతెన నడిమికి వచ్చాక ఎందుకో కిందికి చూసింది. చందనం గుండు, ఏడ్చి ఉబ్బిన కళ్ళు, పరాయి మొహం. వెనకనుంచి ఎవరో తల్లి నా బిడ్డ నా బిడ్డ అని అరుచుకుంటూ వచ్చి ఆ పిల్లవాణ్ణి లాక్కుని ఈమెను తిట్టిపోసింది. కుళాయి దగ్గరికి పరిగెత్తేసరికి అక్కడ నీళ్ళు కారుతున్నాయి, వాడు లేడు. వేలు విడిపించుకుని ఉరికినాడు అని అందరికీ చెప్పింది. పోలీసులకు చెప్పింది, తిమ్మప్పకు చెప్పింది, స్వామి ముందు నిలబడి స్వామికి కూడా అదే చెప్పింది. వాడు విడిపించుకోలేదు. కన్నతల్లే జుట్టు లేని మొహాన్ని పోల్చుకోలేక ఇంకొకరి బిడ్డ చెయ్యి పట్టుకుని పోయింది.

తర్వాత చేసిన తప్పు ఇంటిల్లిపాదీ చేసింది. పోలీసు స్టేషన్లో రైటరు ఫోటో అడిగితే ఉన్న ఒక్క ఫోటో ఇచ్చారు. అదే పోస్టరు వేయించి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్ల నిండా అంటించారు. పూలజడ, పట్టు పరికిణీ, కింద కదిరప్ప, అయిదేళ్ళ బాలుడు, కనబడుట లేదు. గుండు అని ఒక్క మాట రాయాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఇంట్లో ఎవరి కళ్ళలోనూ వాడికింకా గుండు కాలేదు. పన్నెండో రోజు ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే కుళ్ళాయప్ప ఆమెను పిలిచి పోస్టరు మళ్ళీ చూపించమన్నాడు, బాలుడు అన్న మాట అప్పుడు చదివాడు. "ఏందమ్మా ఇది, మేం జడ పాప కోసరం గదా సూస్తాండేది! ఆ పొద్దు గుంతకల్లు బండ్లో గుండు పిల్లోడు ఒగడు ఏడ్సుకుంటా కూసోనున్న్యాడు. ఎవురో ముసలామె బన్ను ఇప్పిచ్చినాది. మాకేం తెలుసమ్మా," అన్నాడు, చెప్పి తనే తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. గుంతకల్లు పోయారు, బళ్ళారి పోయారు, రాయచూరు దాకా పోయారు. అప్పటికి వాడికి చందనం రాలిపోయి, వెంట్రుకలు ముళ్ళు ముళ్ళుగా మొలిచి ఇంకో మొహం వచ్చి ఉంటుంది. ఒంటి మీద ఒక పుట్టుమచ్చ కూడా లేని బిడ్డ.

అందుకే ఆమె ఆశంతా తిరగబడింది. తను వాణ్ణి గుర్తు పట్టలేదు, ఒకసారి తేలిపోయింది. ఇక వాడే తనను గుర్తు పట్టాలి. అయిదేళ్ళ బిడ్డకు తల్లి మొహం మరపు రాదు, రాకూడదు. ఏదో ఒక రోజు ఏదో బండి దిగి ఈ కుళాయి దగ్గరికి వస్తే, ఈ బల్ల మీద ఆ మొహం ఉండాలి. పదిహేనేళ్ళుగా పాపిట పక్కకు తీయలేదు, బొట్టు తగ్గించలేదు, పసుపుపచ్చ చీర చిరిగితే అదే రంగు ఇంకోటి. నెరిసిన వెంట్రుకకు రంగు, చత్వారం వచ్చినా అద్దాలు బల్ల మీద కూర్చున్నంతసేపూ సంచిలోనే. "మనవడు పోయినా దీనికి సోకులు తగ్గలేదే" అని గంగులమ్మ వీధి వినబడేలా అన్నది, చనిపోయేదాకా అంటూనే ఉంది. అనని, ఆమెకేం తెలుసు. తిమ్మప్ప మొదట్లో తోడు వచ్చేవాడు, ఎనిమిదేళ్ళ కింద మానేశాడు. "వాడు యాడున్న్యాడో ఆడ సల్లగా ఉండనీ. నువ్వు ఇంగ ఇడిసిపెట్టు" అన్నాడు. ఆ రోజు నుంచి మొగుడి మీద మనసు విరిగిపోయింది. ఇడిసిపెట్టమని ఎంత సులభంగా అన్నాడు! అన్నం పెడుతుంది, మాటకు మాట చెబుతుంది, అంతే. ధర్మవరం నుంచి వచ్చిన సాయంత్రం ఆయన ఏమీ అడగడు, ఈమె ఏమీ చెప్పదు. ఇంత చేసినా మొహం మాత్రం చెప్పిన మాట వినలేదు. నలభై దాటాక ఒక్కో ఏడాది ఒక్కో చోట జారింది. ఎడమవైపు నాలుగు దవడ పళ్ళు ఊడాక ఆ చెంప లోపలికి పోయింది. ఒక శనివారం ప్లాట్‌ఫారం మీది బరువు తూచే మిషను అద్దంలో చూసుకుంటే వాళ్ళమ్మ కనబడింది. కొడుకు తన కోసం వచ్చి, ఎవరో ముసలామె అనుకుని ముందు నుంచి నడిచి పోయినట్టు అప్పుడు కళ్ళకు కట్టింది. అది ఓర్చుకోలేకపోయింది.

"సార్, ఈ మొగం కావల్ల," అని స్టూడియో ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. ఈ ఒక్క మాట కోసమే రెండు నెలలుగా ధైర్యం కూడగట్టుకుంది. డాక్టరు ఫోటోను ఆమె చెంప పక్కన పెట్టి చూశాడు, గడ్డం పట్టి వెలుతురు వైపు తిప్పాడు, చెవి నుంచి దవడ దాకా వేలితో నొక్కుతూ వచ్చాడు. రాదమ్మా అన్నాడు. పళ్ళు పోయిన చోట దవడ ఎముకే అరిగిపోయింది. కంటి గుంత ఎముక కూడా వయసుతో వెడల్పవుతుంది. కణతల్లో కొవ్వు తరిగింది, చెంపలో ఉండాల్సింది కిందికి దిగింది. గుడ్డ సవరించగలను గానీ కింద మంచమే మారిపోయింది అన్నాడు. "చేస్తే బాగానే ఉంటావు. కష్టం తెలియని నలభై అయిదేళ్ళ మనిషిలా ఉంటావు. ఈ ఫోటోలో మనిషివి మాత్రం కావు. ఆమెకూ నీకూ కాకుండా ఇంకొకరు వస్తారు." ఇంకొకరు. ఉన్న రెండు మొహాలు చాలక మూడోది. ఆమె ఫోటో తీసుకుంది. లేవాల్సింది. లేచి ఉంటే బాగుండేది. లేవకుండా ఇంకో మాట అడిగింది, చిన్నపిల్లలకు కూడా ఇట్లాగే మారుతుందా సార్, అయిదేళ్ళ పిల్లోడు ఇరవైకి ఎట్లుంటాడు అని. ఆయనకు హుషారు వచ్చేసింది పాపం, పుస్తకం తిప్పి రెండు పుర్రెల బొమ్మలు పక్కపక్కన చూపించాడు. పిల్లలకు పైపుర్రె పెద్దది, మొహం చిన్నది. తర్వాతే మొహం దిగుతుంది. ముక్కు ఎముక లేస్తుంది, దవడ పొడుగవుతుంది, పాలపళ్ళు పోయి పెద్ద పళ్ళు వస్తాయి, బుగ్గలు కరుగుతాయి, మగపిల్లలకైతే కనుబొమల ఎముక ముందుకు వస్తుంది. "మధ్యలో చూడకుండా ఒకేసారి ఇరవై ఏళ్ళప్పుడు చూపిస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదమ్మా," అని నవ్వాడు. నర్సింగ్ హోములో ఆమెకు ఒక కొడుకు ఉండేవాడని ఎవరికీ తెలియదు. "చెవి ఒక్కటే పెద్దగా మారదు. సైజు పెరుగుతుంది గానీ ఆ ఆకారం, ఆ మడతలు అవే ఉంటాయి."

చెవి. చాకర్లపల్లి దాటింది బండి. ఆయన ఆ మాట అన్నప్పటి నుంచి లోపల ఒకటే పని, చెవి గుర్తు చేసుకోవడం. కళ్ళు మూసుకుంటే వాడు వస్తాడు, రాయి పట్టుకుని వస్తాడు, ఊడిన పన్నుతో నవ్వుతాడు, చెవి దగ్గరికి పోతే అక్కడ జుట్టు ఉంటుంది. తల దువ్వేటప్పుడు చూసే ఉంటాను కదా, వెయ్యిసార్లు చెవి వెనక నూనె తుడిచి ఉంటాను కదా. వేలికి చెవి మెత్తదనం తగులుతుంది, కంటికి ఆకారం రాదు. ఫోటోలో అయితే రెండు చెవుల మీదా మల్లెపూల దండలు, తనే సూదితో కుట్టి మరీ కప్పింది. చెవులు బయటపడింది ఒక్క రోజే, కదిరిలో, ఆ రోజు చూసింది కుట్టిన చోట చిన్న నెత్తురు బొట్టు, రాగి తీగ, దాని మీద చందనం. వాడు నొప్పి నొప్పి అంటే ఊదింది. చెవి మీద నోరు పెట్టి ఊదింది, ఆ చెవిని చూడలేదు. తమ్మె వేలాడేదా, చెంపకు అతుక్కుని ఉండేదా? మడత గుండ్రమా, కోలా? ఎదురు సీట్లో ఒక పిల్లవాడు ఇటు వీపు పెట్టి నిద్రపోతున్నాడు, వాడి చెవినే చూస్తూ ఉండిపోయింది, ఎంత స్పష్టంగా ఉంది పరాయి బిడ్డ చెవి. ఇన్నేళ్ళూ బల్ల మీద కూర్చుని ఆమె వెదికింది ఎవర్ని? అయిదేళ్ళ మొహాన్నే సాగదీసి, మీసం పెట్టి, ప్రతి కుర్రవాడి మీదా పరిచి చూసింది. అట్లాంటి మనిషి లోకంలో ఎక్కడా లేడు. మరి ఉన్నవాడు? ఉన్నవాడు ఎన్నిసార్లు ఆ కుళాయిలో నీళ్ళు తాగి, ఈ పసుపుపచ్చ చీర ముసలమ్మను ఒకసారి చూసి, ఆమె తన్ను ఒకసారి చూసి కాదులే అనుకుంటే, సీసా నింపుకుని పోయాడో. పెనుకొండ కొండ కనబడింది, కోటగోడ కనబడింది. ఆ గోడ ఏమీ మారలేదు, రాళ్ళకేం రోగం అనుకుంది కసిగా. బండి ఆగింది. దిగాల్సింది ఇక్కడ కాదు. కాళ్ళు లేచాయి, మనిషి లేచింది, ప్లాట్‌ఫారం మీద దిగి నిలబడింది. ధర్మవరం పోవాల్సిన బండి ఆమెను వదిలేసి పోయింది, ఆమె చూస్తూ నిలబడింది, పిలవలేదు, పరిగెత్తలేదు.

ఇంటి వసారాలో తిమ్మప్ప విత్తనాలకు వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. వాన పడితే విత్తాలి. చేటలో పప్పులు, చుట్టూ పొట్టు, నెరిసిన గడ్డం మీద కూడా దుమ్ము. పొద్దుండగానే గడపలో నిలబడ్డ భార్యను చూసి ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఏమే, ధర్మారం పోలేదా?"

"లేదు."

"ఒళ్ళు బాగలేదా?"

"బాగానే ఉండాది. ఇంగ పోను. మానేస్తి."

చెప్పులు విప్పి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇప్పటికైనా బుద్ధొచ్చింది అంటాడని చూసింది, మేలు అంటాడని చూసింది. ఎనిమిదేళ్ళ కింద ఆయన అడిగింది ఇదే కదా. ఆయన చేతిలో కాయ చితికింది గానీ వలవలేదు. కింది పెదవి ఒకటే అదురుతోంది, ఆ అదురు చూస్తూ చూస్తూ ఆమెకు తెలిసివచ్చింది, ఇన్నేళ్ళూ ఈ మనిషి విడిచిపెట్టలేదని, తను పోతోందన్న ధీమా మీదే ఇంట్లో కూర్చున్నాడని. రెండో శనివారాలు పొలానికి ఎందుకు పోడో, వసారాలోనే పని ఎందుకు పెట్టుకుంటాడో, తను వచ్చేటప్పుడు చేతుల వైపు, వెంట ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు చేతుల పక్కకు ఎందుకు చూస్తాడో ఇప్పుడు తెలిసింది.

"మల్ల వాన్ని ఎవురు సూస్తారే?" అన్నాడు తిమ్మప్ప.

చెప్పాలి. ఇంగ ఎవరూ చూడలేరు, వాడు మన ఎదురుగా వచ్చి నిలబడినా మనకు తెలియదు, వాడికీ తెలియదు అని చెప్పాలి. సంచిలో చీటీ తీసి ఎముక ఎక్కడ మారుతుందో చూపించి చెప్పాలి. ఆయన అప్పటికే లేచి ఒంటి మీది పొట్టు దులుపుకుంటున్నాడు. కొక్కేనికి ఉన్న చొక్కా అందుకున్నాడు, తొందరలో ఒక గుండీకి ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు, విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. గూట్లో దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.

"ధర్మారానికి మల్ల బండి ఎప్పుడుండాది?" అని అడిగాడు.

"నాలుగున్నరకు," అంది ప్రమీలమ్మ.